ఒకే కంప్యూటర్‌లో వేరు కుంపటి

చీరల షాపులో గంటసేపు బేరమాడగలను. కూరల బండి అతను తూకంలో యాభై గ్రాములు తగ్గిస్తే ఇట్టే పట్టేయగలను. కానీ కంప్యూటర్ షాపులో కుర్రాడు "మేడమ్, ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అంటే మాత్రం నాకు మాట పెగల్లేదు. ఏం అడగాలో తెలిస్తేగా!

నా లాప్‌టాప్ 2016లో మావారి పని కోసం కొన్నది. ఆయనకి ఆఫీసువాళ్లు వేరేది ఇచ్చాక ఇది నా వాటాకి వచ్చింది. ఇంట్లో పాత సామాన్లు చివరికి చేరేది ఆడవాళ్ల దగ్గరికే కదా! అయినా నాకది అపురూపమే. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు దొరికే రెండు గంటల్లో దాని మీదే కథలు రాసుకుంటాను. ఇప్పటికి అచ్చయినవి ఇరవై మూడు. తిరిగొచ్చినవి ఎన్నో మాత్రం అడక్కండి.

2025 దసరా వెళ్లిన వారంలో తెర మీద ఒక కబురు కనిపించింది. అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోతుందట. ఆగిపోవడమంటే మర్నాటి నుంచి కంప్యూటర్ పనిచేయదని కాదు. కొత్తగా బయటపడే లోపాలకి మరమ్మతులు మామూలుగా రావని. తలుపు గడియ వదులైనా బాగుచేసే వడ్రంగి ఇక రాడన్నమాట. కావలసినవాళ్లు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా సవరణలు ఇస్తామన్నారు. ఆ ఏడాది గడిచాకైనా ఇదే తలనొప్పి. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ తరవాతదో ప్రాసెసర్ ఉండాలట. నాది ఆరో తరం. షాపులో కొత్తదానికి చెప్పిన ధర నలభై రెండు వేలు. అది మా పెద్దాడి కోచింగ్ ఫీజు కట్టాల్సిన నెల!

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను.

"పిన్నీ, లినక్స్ వేసుకో. నీ రాతకోతలకి అది చాలు."

"ఒరేయ్, నా కథలన్నీ అందులోనే ఉన్నాయిరా. పోతే?"

"విండోస్ తీసెయ్యక్కర్లేదు. దాని పక్కనే వేసుకోవచ్చు. నచ్చకపోతే నీ పాతది నీకు ఉంటుంది."

ఆ 'పక్కనే' అన్న మాట నా చెవికి ఇంపుగా తగిలింది. ఒకే ఇంట్లో వేరు కుంపటి పెట్టినట్టన్నమాట. వాకిలి ఒకటే, గదులు వేరు.

ఎవరీ లినక్స్?

డిగ్రీలో మాకు కంప్యూటరంటే విండోసే. ఇంకోటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సరదా కోసమంటూ మొదలుపెట్టిన పని ఇది. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అందరూ వాడుకుని, మార్చుకుని, పంచుకునే వీలున్న సాఫ్ట్‌వేర్ కోసం 'గ్నూ' అనే పథకం ప్రకటించి ఉన్నారు. ఈ రెండూ కలిశాయి. తరవాత ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది తలో చెయ్యీ వేశారు. మన చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ లినక్సే. అంటే నేను దాన్ని ఏళ్ల తరబడి వాడుతూనే, అది ఎవరో తెలీదంటున్నాను!

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. మన ఆవకాయలాగే, అసలు సరుకు ఒకటే అయినా చేసేవారి చేతిని బట్టి రుచి మారుతుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్... మన తెలుగువాళ్ల 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనిపించేదాన్ని కూడా తయారుచేసింది. విండోస్ అలవాటున్నవాళ్లకి తడబాటు తక్కువని మావాడు నాకు 'లినక్స్ మింట్' చెప్పాడు. అందులోనూ 4 జీబీ ర్యామ్ ఉన్న నా పాత యంత్రానికి బరువు కాకుండా 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' అనే తేలిక రకం. డబ్బు కట్టక్కర్లేదు. దించుకోవడానికి దాదాపు 3 జీబీ డేటా అయింది, అంతే.

నేను చేసిన తెలివితక్కువ పని

"ముందు నీ ఫైళ్లన్నీ వేరేచోట దాచుకో పిన్నీ" అని మావాడు నొక్కి చెప్పాడు. బుద్ధిగా నా కథలన్నీ ఎర్ర పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇక లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ అదొక్కటే. 16 జీబీది, చోటు బోలెడుంది కదా, ఓ మూల ఇదీ పడి ఉంటుందిలే అనుకున్నాను.

'రూఫస్' అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ పని చేయాలి. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అది అడిగింది కూడా. మనం ఇలాంటివి చదువుతామా? గ్యాస్ బుకింగ్ మెసేజ్‌కి నొక్కినట్టు ఓకే నొక్కేశాను.

చెరిగిపోయింది.

లాప్‌టాప్‌లో ఉన్న కథలకి ఢోకా లేదు. కానీ ఆ పెన్‌డ్రైవ్‌లో తప్ప మరెక్కడా లేని కథ ఒకటుంది. 2013లో మా ఊరి డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి, ఎక్కడికీ పంపకుండా దాచుకున్నది. మా అమ్మమ్మ చివరి రోజుల గురించి. చేతిరాత కాగితాలు ఇల్లు మారినప్పుడే పోయాయి. మావాడు తరవాత ఏవేవో ప్రోగ్రాములు పెట్టి వెతికాడు గానీ దొరకలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. "ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్యి" అన్నారు మావారు. వదిలేద్దామనే అనిపించింది. కానీ కథ పోయినందుకైనా పని పూర్తిచేయాలి కదా అని మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

పెళ్లిచూపులు

లినక్స్‌లో నాకు బాగా నచ్చింది, లాప్‌టాప్‌లో ఏమీ మార్చకుండానే ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు. దీన్ని 'లైవ్' అంటారు. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఒక మీట నొక్కాలి. నా దాంట్లో ఎఫ్12, కంపెనీని బట్టి మారుతుంది. ఆకుపచ్చ ఆకు గుర్తుతో కొత్త తెర వచ్చింది. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు గడియారం. అంతా మన ఇల్లులాగే ఉంది.

పెళ్లిచూపుల్లో చూడాల్సినవి చూసుకోవాలి కదా! శబ్దం వస్తోంది. కెమెరా పనిచేస్తోంది. వైఫై మాత్రం కనబడలేదు. ఇక్కడే చాలామంది వెనక్కి తిరిగిపోతారట. కొన్ని వైఫై చిప్‌లకి డ్రైవర్ విడిగా వేసుకోవాలి. అది వేయాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే అది ఉండాలి! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. మావాడు ఉపాయం చెప్పాడు. సెల్‌ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి కలిపి, ఫోన్‌లో 'యూఎస్‌బీ టెదరింగ్' ఆన్ చేస్తే ఫోన్‌లోని నెట్ ఇటు వస్తుంది. ఆ దారిన 'డ్రైవర్ మేనేజర్' తనే వెతికి తెచ్చిపెట్టింది.

గోడ కట్టడం

మూడు రోజులు చూశాక సరే కానిద్దామనుకున్నాను. ఈసారి తొందరపడలేదు. కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి కొని కథలు అందులోకి ఎక్కించాను. ఇంకో ప్రతి మావారి లాప్‌టాప్‌లో పెట్టాను. రెండుచోట్లా తెరిచి చూసుకున్నాను.

తరవాత చోటు చేయాలి. విండోస్‌లోనే 'డిస్క్ మేనేజ్‌మెంట్' అని ఉంటుంది. అందులో 'ష్రింక్ వాల్యూమ్' అంటే విండోస్ వాడుకునే జాగాని కుదించడం. 500 జీబీ డిస్కులో 100 జీబీ ఖాళీ చేశాను. మింట్‌కి 20 జీబీ ఉన్నా సరిపోతుందంటారు గానీ, 100 ఉంటే ఇరుకు ఉండదు.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక అసలు ప్రశ్న వస్తుంది. ఒక వరుసలో 'విండోస్ పక్కన పెట్టు' అని, ఇంకో వరుసలో 'డిస్క్ మొత్తం చెరిపేసి పెట్టు' అని ఇంగ్లీషులో. రెండోదాంట్లో 'ఎరేజ్' అనే మాట ఉంటుంది. ఆ మాట మీద నా కళ్లు అతుక్కుపోయాయి. పెన్‌డ్రైవ్ పాఠం అప్పటికే అయింది కదా! మూడుసార్లు చదివి మొదటిదే నొక్కాను. మంచినీళ్లు తాగొచ్చి ఇంకోసారి చూసుకుని అప్పుడు ముందుకెళ్లాను. అరగంటలో అయిపోయింది.

ఇప్పుడు లాప్‌టాప్ ఆన్ చేయగానే ఒక నల్ల తెర వచ్చి, మింటా, విండోసా అని అడుగుతుంది. దాన్ని 'గ్రబ్' అంటారు. పది సెకన్లలో మనం ఏదీ చెప్పకపోతే తనే మింట్‌లోకి తీసుకెళ్తుంది.

తోడికోడళ్ల పేచీలు

కాపురం మొదలయ్యాక చిన్న చిన్న పేచీలు తప్పవు. ఓ రోజు సాయంత్రం నాలుగింటికి విండోస్ తెరిస్తే గడియారం ఉదయం పదిన్నర చూపిస్తోంది! సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. కారణం తెలిశాక నవ్వొచ్చింది. కంప్యూటర్ లోపల బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. లినక్స్ అందులో అంతర్జాతీయ సమయం పెట్టి, మన ఐదున్నర గంటలు తను కలుపుకుంటుంది. విండోస్ మాత్రం అందులో ఉన్నదే మన ఊరి సమయం అనుకుంటుంది. గోడ గడియారం ఒకటే, చూసే లెక్కలు రెండు. మావాడు ఫోన్‌లో ఒక్కో అక్షరం చెబుతుంటే 'టెర్మినల్' అనే నల్ల కిటికీలో ఒక వరుస టైపు చేశాను. సర్దుకుంది. సినిమాల్లో హ్యాకర్‌లా ఉన్నావని మా చిన్నాడు మురిసిపోయాడు.

ఇంకో పేచీ. మింట్‌లోంచి విండోస్ వైపున్న నా కథలు తెరవగలుగుతున్నాను, చదవగలుగుతున్నాను. దిద్ది సేవ్ చేద్దామంటే కుదరదంటుంది. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు. మర్నాడు త్వరగా లేవడానికి సగం పని డిస్కులో దాచుకుంటుంది. సగం మూసిన ఆ ఇంట్లో లినక్స్ చేయి పెట్టదు, చూసి ఊరుకుంటుంది. అది దాని మంచితనమే. 'పవర్ ఆప్షన్స్'లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేశాక ఇబ్బంది లేదు. విండోస్ మాత్రం అటునుంచి లినక్స్ గదిలోకి తొంగి చూడలేదు. అందుకే కథలన్నీ ఇద్దరికీ అందే విండోస్ వైపే ఉంచాను.

తెలుగు మాటేమిటి?

నా అసలు భయం ఇదే. తీరా చూస్తే కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు ఉంది. విండోస్‌లో నేను అలవాటు పడ్డ ఇన్‌స్క్రిప్టే. అచ్చులు, గుణింతాలు ఎడమచేతివైపు, హల్లులు కుడివైపు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి ఆర్‌టీఎస్ పద్ధతీ దొరుకుతుంది. దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన మండలి, సూరన్న, రామభద్ర ఫాంట్లు చక్కగా కూర్చున్నాయి. రాసుకోవడానికి 'లిబ్రే ఆఫీస్' దాంతోపాటే వస్తుంది.

అలాగని విండోస్‌ని వదల్లేదు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న కథలు కొన్నున్నాయి. వాటిలో తెలుగు అక్షరాలని ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల కిందే దాచారు. ఆ ఫాంట్ లేకపోతే 'అమ్మ' అనే మాట కూడా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లో అయితే మన ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, ఎక్కడ తెరిచినా చదవొచ్చు. ఆ పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్ నడిచేది విండోస్‌లోనే కనక, నెట్ ఆపేసి అందులో ఆ పని చేసుకుంటాను. బ్యాంకు, మెయిలు, కొత్త రాతలు మింట్‌లో.

మీరూ ప్రయత్నిస్తారా?

1. ముఖ్యమైన ఫైళ్లు కనీసం రెండుచోట్ల దాచండి. ఇన్‌స్టాల్‌కి వాడే పెన్‌డ్రైవ్ ఆ రెండింటిలోదీ కాకూడదు.

2. విండోస్‌లో 'బిట్‌లాకర్' లేదా 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

3. ఫాస్ట్ స్టార్టప్ ముందే తీసేయండి.

4. లైవ్‌లో రెండు మూడు రోజులు వాడి వైఫై, శబ్దం, ప్రింటర్ సరిచూసుకోండి.

5. 'ఎరేజ్' అన్న మాట కనిపిస్తే ఆగండి. అర్థం కాని ప్రశ్నకి ఓకే నొక్కకండి.

6. ఛార్జర్ పెట్టే ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా పని ఆగకూడదు.

మింట్‌లో నేను మొదట రాసింది ఏమిటో తెలుసా? పోయిన మా అమ్మమ్మ కథ. పన్నెండేళ్ల కిందటి వాక్యాలు ఎంత తలచుకున్నా రాలేదు. ఆమె చేతి గాజుల చప్పుడు, మంచం పక్కన మరచెంబు గుర్తొచ్చాయి. అవే రాసుకుంటూ పోయాను. పూర్తయ్యాక చూస్తే అది పాత కథ కాదు. పాతదాంట్లో అమ్మమ్మ మీద జాలి ఉండేది. ఇందులో ఆవిడ మాటే ఎక్కువ ఉంది. పాతది పోయినందుకు ఇప్పటికీ బాధే. కొత్తది దానికి బదులు అని చెప్పను.

మొన్న మావారు "ఏమోయ్, నా లాప్‌టాప్ కూడా నెమ్మదించింది. కాస్త చూడు" అన్నారు. పదేళ్లలో ఆయన కంప్యూటర్ గురించి నన్ను అడగడం అదే మొదటిసారి.

"చూస్తాను గానీ, ముందు మీ ఫైళ్లు రెండుచోట్ల దాచుకుని రండి" అన్నాను.