తనకల్లులో తోపుడు బండికి లైసెన్స్ ఎవరిస్తారు?

తనకల్లు నుంచి ఒక అక్క ఫోన్ చేసి అడిగిన ప్రశ్నతో ఈ ఎపిసోడ్ మొదలుపెడదాం. "తమ్ముడూ, నేను రోడ్డు పక్కన బజ్జీల బండి పెట్టుకున్నా. లోన్‌కు పోతే వీధి వ్యాపారి సర్టిఫికెట్ తెమ్మన్నారు. పంచాయతీలో అడిగితే అట్లాంటిది మేం ఇయ్యం అన్నారు. వీళ్లల్లో ఎవరు అబద్ధం చెప్తాండారు?"

నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చిక్కు చట్టంలోనే ఉంది. అది అర్థమైతే ఏ ఆఫీసుకు పోవాలో, ఎక్కడికి పోవడం దండగో తెలుస్తుంది. ఒక రోజు తిరుగుడు అంటే ఒక రోజు బండి బంద్. ఆ రోజు సంపాదన పోయినట్టే కదా.

మన వైపు బండ్లు ఎందుకు పెరిగాయో వేరే చెప్పక్కర్లేదు. వాన రాలేదు, వేరుశనగ పోయింది. కొందరు బెంగళూరుకు, కొందరు కేరళకు పోయినారు. ఊర్లో ఉండిపోయినవాళ్లకు తక్కువ పెట్టుబడితో దొరికే పని ఇదే.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. మంచి చట్టమే. ఐదేళ్లకు కనీసం ఒకసారి సర్వే చేసి, వ్యాపారం చేస్తున్న వాళ్లందరినీ గుర్తించి, విక్రయ ధ్రువపత్రం ఇవ్వాలి. సర్వే పూర్తయి అందరికీ ఆ పత్రాలు ఇచ్చే వరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. పండ్లు, కూరగాయల్లాంటివైతే మనం అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతా సరుకు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

ఇవన్నీ ఎవరు చేయాలి? చట్టం 'స్థానిక సంస్థ' అంటుంది. ఆ మాటకు అదే చట్టం ఇచ్చిన అర్థం చదివితే నగరపాలక సంస్థ, మున్సిపాలిటీ, నగర పంచాయతీ లాంటివి, అంటే నగరాల్లో, పట్టణాల్లో పనిచేసేవి. తనకల్లు గ్రామ పంచాయతీ. శ్రీసత్యసాయి జిల్లాలోనే ఉన్న కదిరి మున్సిపాలిటీ. మధ్యలో ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. అంతే తేడా. కదిరిలో అదే బజ్జీల బండికి ఈ చట్టం కాపలా ఉంటుంది, తనకల్లులో ఉండదు.

అందుకే పీఎం స్వనిధి లోన్ దగ్గర అక్క ఆగిపోయింది. 2020 జూన్‌లో మొదలైన ఆ పథకం పట్టణాల్లో అమ్ముకునే వాళ్ల కోసం. 2025 ఆగస్టులో దాన్ని 2030 మార్చి వరకూ పొడిగించారు, మొదటి విడత 10,000 నుంచి 15,000కు, రెండోది 25,000కు పెంచారు, మూడోది 50,000 అలాగే ఉంచారు. జనగణన పట్టణాలకు, నగర శివార్లకు కూడా దశలవారీగా తీసుకుపోతామన్నారు. ఇంత పెంచినా, పట్టణానికి దూరంగా ఉన్న మామూలు పల్లె ఆ గీతకు బయటే ఉంది.

అయితే ఒక దారి ఉంది. మీరు ఉండేది తనకల్లులో అయినా, అమ్మేది కదిరి పట్టణంలో అయితే మీకు అర్హత ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్ముకునే వాళ్లను పథకం మార్గదర్శకాల్లోనే చేర్చారు. సర్టిఫికెట్ లేకపోతే సిఫారసు లేఖ కోసం మున్సిపాలిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్లు విచారించి 15 రోజుల్లో తేల్చాలి. పల్లెలో అమ్ముతూ పట్టణంలో అమ్ముతున్నా అని మాత్రం రాయకండి. విచారణకు వస్తారు, దొరికిపోతారు.

మరి ఊర్లోనే అమ్మేవాళ్లు?

హక్కే లేదనుకోవద్దు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమని, తగిన ఆంక్షలు పెట్టొచ్చు గానీ ఆ హక్కును కాదనలేరని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. అది పల్లెకూ వర్తిస్తుంది. కాకపోతే ఫలానా చోటే నాది అనే హక్కు ఎవరికీ లేదని కూడా అదే తీర్పు చెప్పింది.

చేతిలో ఉండాల్సిన కాగితాలు నాలుగు.

మొదటిది, పంచాయతీ కాగితం. ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. కదిరి నుంచి మదనపల్లె పోయే దారి 42వ నంబరు జాతీయ రహదారి. దాని స్థలంలో బండి పెట్టుకోమని పంచాయతీ అనుమతి ఇవ్వలేదు. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం అక్కడి ఆక్రమణలు తీసేసే అధికారం రహదారుల అధికారులది. సర్పంచ్ 'పెట్టుకో పో' అన్నా ఆ మాట అక్కడ నిలబడదు. ఊరి లోపలి వీధి, సంత స్థలం అయితే పంచాయతీ చేతిలో ఉంటుంది.

అక్కడికైతే పంచాయతీ కార్యదర్శికి తెల్లకాగితం మీద అర్జీ రాయండి. పేరు, ఆధార్ నంబరు, ఏం అమ్ముతారు, ఎక్కడ, ఎన్నేళ్ల నుంచి, బండి ఎంత పొడవు ఎంత వెడల్పు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. అనుమతి రాకపోయినా ఆ కాపీ మీకు సాక్ష్యం. సంతలో సుంకం కడుతుంటే రసీదు అడగండి. వేలం పాడుకున్న మనిషి చీటీ ఇవ్వకపోతే, ఎంత వసూలు చేయాలో రాసిన రేట్ల పట్టిక చూపించమనండి. ఆ రసీదులు ఒక కవరులో దాచండి. పదేళ్లుగా ఇక్కడే అమ్ముతున్నా అని నోటితో చెప్పడం వేరు, పదేళ్ల రసీదులు చూపించడం వేరు.

రెండోది, తిండి అమ్మేవాళ్లకు మాత్రమే: ఆహార భద్రత రిజిస్ట్రేషన్. దీనికి పల్లె, పట్నం తేడా లేదు. బజ్జీ బండి, టీ బండి, పానీపూరి, అన్నీ వస్తాయి. 2011 నాటి నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారాన్ని చిన్న వ్యాపారంగా లెక్కేసి, ఏడాదికి 100 రూపాయల ఫీజు పెట్టాయి. ఫాస్కాస్ పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి అప్లై చేయొచ్చు. వందకు వెయ్యి అడిగే ఏజెంట్లు ఉంటారు, జాగ్రత్త. ఏడు రోజుల్లో ఇవ్వాలి, లేదా కాదనాలి, లేదా తనిఖీకి వస్తామని చెప్పాలి. ఏదీ చెప్పకుండా 30 రోజులు గడిస్తే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది.

మూడోది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులైలో మొదలైంది, 2021లో చిల్లర వ్యాపారులను కూడా చేర్చారు. పూర్తిగా ఉచితం. పాన్ లేని చిన్నవాళ్ల కోసం బ్యాంకుల ద్వారా చేసే ఉద్యమ్ అసిస్ట్ 2023 నుంచి ఉంది. 'నాకు ఒక వ్యాపారం ఉంది' అని బ్యాంకుకు చూపించే కాగితం ఇదే. ముద్రా శిశు లోన్‌కు 50,000 వరకూ అడగొచ్చు, తాకట్టు అక్కర్లేదు, వీధి వ్యాపారి సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు.

నాలుగోది, తూకం వేసి అమ్మేవాళ్లకు: తూనికలు కొలతల శాఖ ముద్ర. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, మామూలు తక్కెడకు, రాళ్లకు రెండేళ్లకోసారి వేయించాలి.

ఆడవాళ్లకు ఇంకో మాట. పొదుపు సంఘంలో ఉంటే స్వనిధి కోసం ఆగొద్దు. వెలుగు ఆఫీసులో సంఘం లోన్, స్త్రీనిధి లోన్ గురించి అడగండి. పల్లెవాళ్లకూ వర్తించేవి అవి. 2020 నవంబరులో మొదలైన జగనన్న తోడు కింద అప్పట్లో 10,000 తీసుకుని కట్టేసి ఉంటే ఆ బ్యాంకు కాగితాలు పారేయొద్దు. మీరు వ్యాపారం చేస్తున్నారని, బాకీ తీర్చారని రెండూ చెప్తాయి.

ఇంతా చెప్పి ఒకటి దాచకూడదు. ఈ నాలుగూ కలిపినా విక్రయ ధ్రువపత్రానికి సమానం కావు. రేపు రోడ్డు వెడల్పు చేస్తామని వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వండని 2014 చట్టం చూపించి అడగలేరు. అది ఒక్కరితో తీరేది కాదు. ఊర్లో పది బండ్ల వాళ్లు కలిసి గ్రామసభలో అర్జీ పెట్టండి. బండ్లకు ఇంత చోటు గుర్తించండి, రేటు రాయించండి, తీర్మానంలో ఎక్కించండి అని అడగండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కిన మాటను ఆ తర్వాత వచ్చే సర్పంచ్ కూడా చదవాల్సిందే.

అక్కకు ఇదే చెప్పినా. "అయితే ఇన్నాళ్లూ నేను తప్పు ఆఫీసు చుట్టూ తిరిగినా" అంది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం రేపే చేయించుకో అక్కా అన్నాను. ఆ కాగితం పనికొస్తుంది.

మీ ఇంట్లోనో వీధిలోనో బండి నడిపే వాళ్లుంటే ఇది చదివి వినిపించండి.