రాళ్ళ తీరంలో గాలం: ఎందుకు ఇరుక్కుంటుంది? ఏం చేయాలి?

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున రాడ్డు పట్టుకుని నిలబడే కొత్తవాళ్ళందరిదీ ఒకటే బాధ. చేప పడకపోతే పోనీ, వేసిన ప్రతిసారీ గాలం రాళ్ళకి ఎందుకు పట్టేస్తోంది? గుండు పోతుంది, కొక్కెం పోతుంది, ఒక్కోసారి బారలకు బారలు దారం కూడా పోతుంది. విసుగెత్తి కొందరు రాయి లేని ఇసుక తీరం వెతుక్కుంటారు. అంత అవసరం లేదు. రాళ్ళున్న చోట ఏదో ఒకటి పోవడం ఖాయమే, కానీ ఏది పోవాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. గాలం విసరకముందే, ఒడ్డున కూర్చుని ముడులు వేసుకునేటప్పుడే అది తేల్చుకోవాలి.

అంత ఇబ్బంది పడి రాళ్ళ దగ్గరే ఎందుకు వేయాలి?

తిండి అక్కడే ఉంది కాబట్టి. ఇసుక ప్రతి అలకీ కదులుతుంది. దాని మీద ఏదీ అంటుకుని పెరగలేదు. రాయి కదలదు గనుక నాచు పట్టుకుంటుంది, ఆలుచిప్పలు గుత్తులు గుత్తులుగా అతుక్కుంటాయి, సందుల్లో పీతలు, చిన్న రొయ్యలు, పురుగులు కాపురం పెడతాయి. అల వచ్చి విరిగినప్పుడల్లా వాటిలో కొన్ని ఊడి నీళ్ళలో పడతాయి. వాటి కోసం చిన్న చేపలు, ఆ చిన్న చేపల కోసం పార, పండుగప్ప లాంటి వేట చేపలు వస్తాయి. గ్రూపర్ జాతి చేపలైతే రాతి గుహనే ఇల్లు చేసుకుని, దగ్గరికి వచ్చిన దాన్ని ఒక్క ఉదుటున మింగి మళ్ళీ లోపలికి జారుకుంటాయి. పైగా నీటి వాలు జోరుగా ఉన్నప్పుడు రాయి వెనక నీరు నెమ్మదిస్తుంది. చేప అక్కడ అలసట లేకుండా నిలబడి, కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుంటుంది.

ఈ రాళ్ళ తీరం మనకి అంతటా లేదు. కృష్ణా గోదావరి డెల్టాల వైపు ఒడ్డంతా నదులు తెచ్చిపోసిన ఒండ్రూ ఇసుకా. విశాఖ దగ్గరికి వచ్చేసరికి తూర్పు కనుమలే సముద్రంలోకి దిగుతాయి. యారాడ, డాల్ఫిన్స్ నోస్, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, రుషికొండ, ఎక్కడ చూసినా కొండ రాయి నీళ్ళలోకి సాగి ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఖోండలైట్ పొరలు పొరలుగా ఉండే రాయి. మెత్తని పొరను అలలు తినేస్తే గట్టి పొర అంచుగా మిగులుతుంది, రెండు అంచుల మధ్య సన్నని చీలిక ఏర్పడుతుంది. మన గుండు సరిగ్గా వెళ్ళి కూర్చునేది ఆ చీలికలోనే. మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణాన్ని చూస్తే నీరు రాయిని ఎలా కోస్తుందో అర్థమవుతుంది.

ఇరుక్కునేది కొక్కెమా, గుండా?

చాలామంది కొక్కెం అనుకుని చిన్న కొక్కేలకు మారతారు. కానీ ఎక్కువసార్లు ఇరుక్కునేది గుండే. బరువుగా ఉంటుంది కాబట్టి తిన్నగా అడుగుకి దిగి, దొరికిన పల్లంలోకి దొర్లిపోతుంది. మనం లాగేది పైకి కాదు, ఒడ్డు వైపుకి. అంటే గుండుని అడుగు మీదే ఈడుస్తాం. ఈడ్చే కొద్దీ చీలిక ఇరుకవుతుంది, గుండు బిగుసుకుంటుంది. మనం నిలబడిన చోటు ఎంత పల్లంగా ఉంటే, గాలం ఎంత దూరం వేస్తే, అంతగా దారం నేలబారుగా సాగుతుంది, చిక్కు అంతగా పెరుగుతుంది. రాళ్ళ తీరంలో ఎంత దూరం విసిరామన్నది గొప్ప కాదు. ముప్ఫై నలభై మీటర్లలోనే చేప తిరుగుతుంటే నూరు మీటర్లు విసరడం గుండుని పోగొట్టుకోవడానికే.

గుండు పోయినా చేప దక్కాలంటే ఎలా?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. గుండుని పెద్ద దారానికి నేరుగా కట్టకండి. మధ్యలో జానెడు బలహీనమైన దారం పెట్టి దానికి కట్టండి. రీలు మీది దారం పదిహేను కిలోలు ఆపగలదనుకుంటే, గుండుని పట్టి ఉంచే ముక్క ఐదారు కిలోలకే తెగాలి. కొక్కెం కట్టిన దారం మాత్రం గట్టిదే ఉండాలి, అదీ గుండుకి పైన ఉండాలి. అప్పుడు గుండు రాతిలో దిగబడితే ఆ ముక్క ఒక్కటే తెగుతుంది. కొక్కెం, ఎర, దానికి పట్టుకున్న చేప వెనక్కి వస్తాయి. తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు. రాళ్ళ దగ్గర లాగక తప్పదు, అందుకే ఏది తెగాలో ముందే చూసుకోవాలి.

దీనిలో ఒక చిక్కుంది. ఐదు కిలోలకి తెగే దారంతో గుండు కడితే విసిరేటప్పుడే అది తెగి ఎగిరిపోవచ్చు. విసురు ఊపులో వంద గ్రాముల గుండు దారం మీద వేసే లాగుడు దాని బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. పక్కన మనిషి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి విసిరేటప్పుడు బరువంతా గట్టి దారం మీద, నీళ్ళలో పడ్డాక బలహీనమైన ముక్క మీద ఉండేలా కట్టుకోవాలి. ఇందుకు గట్టి దారం చివర వంచిన తీగ కొక్కి ఒకటి ఉంచి, గుండు చెవిని దానికి తగిలిస్తారు. గాలిలో ఉన్నంతసేపూ గుండు దారాన్ని లాగుతూ కొక్కిని వదలదు. నీటిని తాకగానే లాగుడు సడలి జారిపోతుంది. ఆ తర్వాత గుండుని పట్టి ఉంచేది బలహీనమైన ముక్క ఒక్కటే. ఈ కొక్కి చేయడం రాని వాళ్ళు బలంగా విసరడం మానేసి, చేతి ఊపుతో మెల్లగా వేయడం మేలు.

గట్టి దారం ఎంత గట్టిగా ఉండాలి? గుండు బరువు ప్రతి ముప్ఫై గ్రాములకీ ఐదు కిలోల బలం చొప్పున లెక్క వేసుకోండి. 120 గ్రాముల గుండుకి 20 కిలోల దారం, దాని మీద ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. రీలు మీది దారమంతా అంత లావు ఉండక్కర్లేదు. చివర రాడ్డుకి రెండింతల పొడవు, రీలు మీద నాలుగైదు చుట్లు సరిపోయేంత ఉంటే చాలు. రాతికి రాసుకునే భాగం కూడా అదే కనుక రెండు విధాలా పనికొస్తుంది. అల్లిక దారం సన్నగా, బలంగా ఉంటుందని చాలామందికి మోజు. కానీ ఆలుచిప్ప అంచుకి ఒక్కసారి రాసుకుంటే అది పుటుక్కుమంటుంది. రాళ్ళ దగ్గర లావుపాటి నైలాన్ దారానికే నా ఓటు.

పోయేది గుండే అయినప్పుడు సీసమే ఎందుకు వాడాలి? సీసం విషం. బ్రిటన్‌లో హంసలు చిన్న సీసపు గుళ్ళు మింగి చనిపోతుంటే 1987లో వాటి మీద నిషేధం పెట్టారు. పాత నట్టు బోల్టులు, పాడైపోయిన స్పార్క్ ప్లగ్గులు, సన్నని గుడ్డ సంచిలో గులకరాళ్ళు, ఏవైనా అడుగుకి దిగుతాయి. ఒడ్డున దొరికే పొడవాటి రాయికి దారం చుట్టి కట్టినా సరిపోతుంది. సీసం లేని రోజుల్లో వలలకి, గాలాలకి కట్టినవి రాళ్ళే.

కొక్కెం ఒకటి చాలు. రెండు మూడు కడితే చేప ఒకదానికి పడి పారిపోతుంటే మిగిలినవి రాయిని పట్టుకుంటాయి. మొన లోపలికి తిరిగి ఉండే వృత్తాకారపు కొక్కెం రాతికి తక్కువగా తగులుకుంటుంది, చేప నోటి మూలకి పడుతుంది. దీనితో చేప కొరికినప్పుడు జెర్క్ ఇవ్వకూడదు. దారం బిగించి రీలు తిప్పుతూ పోతే చాలు.

నీటి అడుగున ఏముందో ఎలా తెలుస్తుంది?

నీరు తగ్గినప్పుడు నడిచి చూడాలి. దీనికి మించిన దారి లేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన తీరంలో పోటుకీ ఆటుకీ మధ్య ఒకటిన్నర మీటరు దరిదాపు తేడా ఉంటుంది. ఏటవాలు తక్కువగా ఉన్న ఒడ్డున ఆ మాత్రం నీరు తగ్గితే చాలు, పోటు వేళ కనిపించని రాళ్ళు చాలా దూరం బయటపడతాయి. అప్పుడు వెళ్ళి రాళ్ళ మధ్య ఇసుక గుంటలు ఎక్కడున్నాయో చూసుకోండి. ఫోటో తీసుకోండి. గుంట ఎదురుగా ఒడ్డు మీద ఒక చెట్టో, కరెంటు స్తంభమో, ఇంటి మూలో గుర్తు పెట్టుకోండి. తీరంలో రెండు గుర్తులని ఒక వరసలోకి తెచ్చుకుని సముద్రంలో చోటు పట్టడం జాలర్లకి వెన్నతో పెట్టిన విద్య. మనకి ఒడ్డు మీద అంతకంటే తేలిక. గాలం పడాల్సింది రాయి మీద కాదు, రాయి పక్కనున్న ఆ ఇసుక గుంటలో.

ఆటుకీ పోటుకీ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది, మర్నాడు ప్రతిదీ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఆటులో చూసుకుని, పోటు ఎక్కుతుండగా గాలం వేయడం మంచి పద్ధతి. నీరు రాళ్ళ మీదికి ఎక్కేకొద్దీ చేపలు కూడా మేతకి లోపలికి వస్తాయి.

పోయిన ఏడు చూసిన గుంటని నమ్ముకోవద్దు. నైరుతి రుతుపవనాల పెద్ద అలలు ఒడ్డు ఇసుకని తవ్వి ఉత్తరం వైపు జరిపేస్తాయి. దాంతో రాళ్ళు బయటపడతాయి. సముద్రం నెమ్మదించాక ఇసుక తిరిగి చేరి వాటిని కప్పుతుంది. ప్రతి కాలంలోనూ మళ్ళీ నడవాల్సిందే.

ఇరుక్కోకుండా వెనక్కి ఎలా తీయాలి? ఇరుక్కుంటే ఏం చేయాలి?

తీయాలనుకున్నాక తటపటాయించకూడదు. రాడ్డుని ఒక్కసారిగా పైకెత్తి గుండుని అడుగు నుంచి లేపి, ఆపకుండా వేగంగా చుట్టండి. మధ్యలో ఆగితే గుండు మళ్ళీ దిగుతుంది. రెక్కలున్న గుండ్లు దొరుకుతాయి, అవి లాగేకొద్దీ పైకి లేస్తాయి. కాస్త ఎత్తైన చోట నిలబడినా దారం పైనుంచి లాగుతుంది.

పట్టేసిందనుకోండి. మొదట లాగకండి, వదలండి. దారం సడలిస్తే వచ్చిపోయే అలే గుండుని ఒక్కోసారి దొర్లించి విడిపిస్తుంది. రాకపోతే ఒడ్డు వెంట ఇరవై ముప్ఫై అడుగులు పక్కకి నడిచి వేరే కోణం నుంచి లాగండి. అదీ కాకపోతే దారాన్ని బిగించి, ఏకతార తీగని మీటినట్టు లాగి వదలండి. ఆ అదురుకి బిగుసుకున్నది సడలుతుంది. ఏమీ కుదరనప్పుడే తెంపండి. రాడ్డుని వంచి లాగితే రాడ్డే విరుగుతుంది. దాన్ని తిన్నగా దారం వైపు చూపించి, దారాన్ని ఒక కర్ర ముక్కకి చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని వెనక్కి నడవండి. చేతికి మాత్రం చుట్టుకోవద్దు. వేలు కోసుకుపోతుంది. తెగకుండా రాతి నుంచి ఊడితే గుండు తూటాలా ఒడ్డుకి రావచ్చు, వెనక ఎవరూ లేకుండా చూసుకోండి.

తెగిన దారం ఒడ్డుకి కొట్టుకొస్తే జేబులో వేసుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఒడ్డునే గుడ్లు పెడతాయి. రాళ్ళలో వదిలిన నైలాన్ వాటి కాళ్ళకి ఉరి అవుతుంది. కొక్కెం ఎప్పుడూ తుప్పు పట్టే రకమే కొనండి. స్టెయిన్‌లెస్ స్టీలుదైతే చేప నోట్లోనో, తాబేలు మెడలోనో ఎంతకాలమైనా అలాగే ఉండిపోతుంది.

చేపే రాతి గుహలోకి దూరితే? గ్రూపర్ మొప్పలు విప్పి గోడలకి బిగబట్టుకుంటుంది. లాగేకొద్దీ మరింత బిగుస్తుంది. దారం పూర్తిగా వదిలేసి రెండు మూడు నిమిషాలు ఊరుకోండి. ప్రమాదం పోయిందనుకుని అది బయటికి వస్తుంది. అప్పుడు ఒక్కపట్టున లాగేయాలి.

చేపని రాళ్ళ మీదికి ఎలా తేవాలి?

దాని కోసం నీటి అంచుకి దిగకూడదు. తీరంలో ప్రాణాలు పోయేది ఈ తొందరలోనే. అలలన్నీ ఒకలా రావు, కొన్ని చిన్నవాటి తర్వాత వరసగా రెండు మూడు పెద్దవి వస్తాయి. అందుకే వెళ్ళగానే గాలం విప్పకుండా పావుగంట ఊరకే సముద్రాన్ని చూడండి. ఎంతవరకు రాయి తడుస్తోందో అక్కడికి పైనే నిలబడాలి. పచ్చగా, నల్లగా నాచు పట్టిన రాయి మీద అసలు కాలు పెట్టకూడదు. చేపని చేతి బలంతో పైకి ఎత్తకండి. అల ముందుకి వచ్చేటప్పుడు దానితోపాటే లాగండి, అల వెనక్కి పోయేటప్పుడు కొంచెం దారం ఇవ్వండి. ఒక మంచి అల దాన్ని మీ ముందు రాయి మీద పడేస్తుంది. పొడవు కర్ర ఉన్న చేతివల ఉంటే ఇంకా మేలు.

పడింది జెల్ల అయితే వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వీపు మీదా రెండు పక్కలా ఉండే దాని రంపపు ముళ్ళలో విషం ఉంటుంది. టేకు చేప తోక ముల్లూ అంతే. తడిగుడ్డ వేసి నొక్కిపట్టి కటింగ్ ప్లయర్‌తో కొక్కెం తీయండి. ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని భరించగలిగినంత వేడినీళ్ళలో అరగంటకి పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు ముక్క లోపల విరిగిపోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.