పొగగొట్టంలో పాదరసం

మృగశిర కార్తె నాడు మా ఇంట్లో చేపల కూర ఉండి తీరాలి. పాతబస్తీలో ఇది తాతల నాటి ఆచారం. ఒకప్పుడు ఆ రోజు దూద్‌బౌలీలో చేప మందు కోసం తెల్లవారకముందే జనం బారులు తీరేవారు. నేనూ ఆనవాయితీ తప్పకుండా బేగంబజారు వెళ్ళి, బేరమాడి, పెద్ద కొర్రమీను ఒకటి తెచ్చాను. పురిటికి వచ్చిన అమ్మాయికి ఏడో నెల. దానికి ఇష్టమని మా ఆవిడ ప్రత్యేకంగా వండింది.

మా బావగారు ఆ పూట మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆయన బొగ్గుతో నడిచే ఒక కరెంటు కేంద్రంలో, రసాయనశాలలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. గిన్నెలోకి తొంగిచూసి, "ఏమోయ్, అమ్మాయి కడుపుతో ఉంది కదా, ఇంత పెద్ద చేప ఎందుకు తెచ్చావు?" అన్నారు.

"చేపకూ మీ కరెంటుకూ ఏమిటి బావగారూ సంబంధం?" అని నవ్వాను. అంతలో కరెంటు పోయింది. చీకట్లో అరుగుమీద కూర్చుని ఆయన చెప్పిన సంగతులే ఇవి.

హైదరాబాదుకు బొగ్గు కరెంటు కొత్త కాదు. 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వెలిసింది. సింగరేణి బొగ్గు అక్కడ మండేది. ఇప్పుడు ఆ కేంద్రం లేదు. మనం స్విచ్చి నొక్కితే రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు మండుతుంది. పొగ మన కంటికి కనబడదు గనుక దాని ఊసే మనకు పట్టదు.

బొగ్గులో పాదరసం రవ్వంత ఉంటుంది. టన్నుకు గ్రాములో పదోవంతు అనుకోండి. అయిదువందల మెగావాట్ల యూనిట్ ఒకటి రోజుకు ఏడువేల టన్నుల బొగ్గు తింటే, అందులో ఏడువందల గ్రాముల పాదరసం ఉన్నట్టు లెక్క. మన ఇరానీ చాయ్ కప్పులో సగానికి వస్తుందేమో! కాని అది రోజూ, ఏడాది పొడుగునా. కొంత బూడిదను పట్టుకుని ఆగిపోతుంది. మిగతాది గొట్టంలోంచి పైకి పోతుంది.

వెయ్యి డిగ్రీలు దాటిన మంటలో పాదరసం ఆవిరై ఒంటిగా తిరుగుతుంది. అలాంటిది నీళ్ళలో కరగదు, బూడిదకు సరిగా అంటదు, గాలిలో నెలల తరబడి దేశాలు తిరుగుతుంది. ఎప్పుడో ఏ చెరువులోనో దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది పురుగులోంచి చిన్న చేపకూ, చిన్న చేపలోంచి పెద్ద చేపకూ చేరి, మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. తల్లి రక్తంలోంచి గర్భస్థ శిశువు మెదడుకు చేరితే చాలా చెరుపు చేస్తుంది. జపానులో మినమాటా ఊరి గొడవ 1956లో బయటపడింది. అక్కడ పాదరసం వదిలింది బొగ్గు కేంద్రం కాదు, రసాయనాల ఫ్యాక్టరీ. పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లులకు కూడా అవిటి పిల్లలు పుట్టారు. పాదరసాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది.

"మరి ఉపాయం లేదా?" అన్నాను.

"ఉంది. పెళ్ళి చేయడమే!" అన్నారు బావగారు.

కాల్షియం బ్రోమైడు అనే ఉప్పును నీళ్ళలో కలిపి, కొలిమికి పోయే బొగ్గుమీద చిలకరిస్తారు. టన్నుకు గ్రాముల లెక్కేగాని కిలోల లెక్క కాదు. పొగ చల్లబడుతున్నప్పుడు అందులోని బ్రోమిన్ పాదరసంతో జతకడుతుంది. దేశదిమ్మరి గృహస్థు అయినట్టే! జతకట్టిన పాదరసం నీళ్ళలో కరుగుతుంది, బూడిదకూ అంటుకుంటుంది. క్లోరిన్ కూడా ఈ పని చేస్తుంది గాని, మన బొగ్గులో అది తక్కువ. పైగా బ్రోమిన్ అంతటి చురుకు దానికి లేదు. అమెరికాలో 2012లో పాదరసానికి హద్దు పెట్టాక, చాలా కేంద్రాలు ఈ బ్రోమైడునూ, ఉత్తేజిత కార్బన్ పొడినీ వాడాయి.

మన గవర్నమెంటు కూడా 2015 డిసెంబరులో ఘనమీటరు పొగకు 0.03 మిల్లీగ్రాములని హద్దు పెట్టింది. అయితే జతకట్టిన పాదరసాన్ని కడిగి పట్టుకోవడానికి, గంధకపు పొగ కోసం పెట్టే సున్నపురాతి నీళ్ళ యంత్రం బాగా పనికివస్తుంది. 2025 జులైలో వచ్చిన ఉత్తర్వులో చాలా కేంద్రాలకు ఆ యంత్రం అక్కరలేదన్నారు. గంధకం మాట ఎలా ఉన్నా, పాదరసానికి ఉన్న ఒక మంచి వల చేజారినట్టే అని నాకు తోచింది. ఇక భారమంతా బూడిదను పట్టే యంత్రాలమీద పడుతుంది.

బావగారు మాత్రం బ్రోమైడును తెగ పొగడలేదు. "పాదరసం మాయమవదోయ్, చోటు మారుతుందంతే," అన్నారు. బూడిదలోకి వస్తే ఆ బూడిద సిమెంటుకు పోతుంది. సిమెంటు బట్టీలో మళ్ళీ కాలిస్తే ఆవిరై లేస్తుంది. బ్రోమిన్ ఎక్కువైతే ఇనుప భాగాలు తుప్పు పడతాయి. కడిగిన నీళ్ళతో బ్రోమైడు నదిలో కలిస్తే, కింది ఊళ్ళలో తాగేనీళ్ళకు క్లోరిన్ పట్టేటప్పుడు చెడ్డ పదార్థాలు పుడతాయి. రామగుండానికి చేరువలోని యెల్లంపల్లి నుంచి మన నగరం గోదావరి నీళ్ళు తెచ్చుకుంటున్నది. అందుకే గొట్టం చివర ఒక్కచోటే గాక, బూడిదలోనూ నీటిలోనూ కూడా కొలవాలని ఆయన పట్టుదల. ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఈ మాటే అనేవారట. పై అధికారులకు అది రుచించేది కాదట.

ఇంతలో కరెంటు వచ్చింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నది కాబోలు, "అయితే మామయ్యా, ఇవాళ నాకు చారు అన్నమేనా?" అంది.

"కొలవకుండా ఈ చేపను అనుమానించకూడదు తల్లీ. చేప బిడ్డకు మంచిదే. కాని కొర్రమీను సాటి చేపలను మింగే రకం. ఇవాళ రెండు ముక్కలు తిను. వచ్చేవారం మీ నాన్నను బొచ్చెగాని రోహుగాని తెమ్మను," అన్నారాయన.

మిగిలిన కూర ఆయనా నేనూ పంచుకున్నాం.