పర్యావరణ విధానం - భాషాధ్యయనం

'పరి' అంటే చుట్టూ, 'ఆవరణం' అంటే ఆవరించి ఉన్నది. ఈ రెండు పదాలు యణాదేశ సంధి వల్ల కలిసి 'పర్యావరణం' అయింది. మానవుని చుట్టూ ఉన్న నేల, నీరు, గాలి, వృక్షజాలం, జంతుజాలం అన్నీ ఈ ఒక్క పదంలో ఇమిడి ఉన్నాయి. ఇదే అర్థంలో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'ఎన్విరాన్‌మెంట్' అనే మాటకు మూలం ఫ్రెంచి భాషలో ఉంది. ప్రాచీన ఫ్రెంచిలో 'ఎన్విరోన్' అంటే 'చుట్టూ' అని అర్థం. రెండు మాటలలోనూ ప్రధానమైన భావం ఒక్కటే.

విద్యార్థులందరికీ పర్యావరణ విషయాలు బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. ఆ ఆదేశం ఫలితంగా డిగ్రీ స్థాయిలో ఇది అందరూ చదవవలసిన పాఠ్యాంశమైంది. కొందరు విద్యార్థులు అంతటితో ఆగక పర్యావరణ విధానాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేస్తారు. నది ఎందుకు కలుషితమైందో విజ్ఞానశాస్త్రం చెబుతుంది. దానిని ఎవరు శుభ్రం చేయాలి, ఎంత గడువులోగా చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి అనే ప్రశ్నలకు సమాధానం చెప్పేది విధానం. ఈ శాస్త్రం అభ్యసించేవారిలో కొందరు దానితోపాటు ఫ్రెంచి భాషను కూడా ప్రారంభ స్థాయి నుండి నేర్చుకొంటారు. ఈ రెండింటికీ సంబంధమేమిటనే సందేహం కలగడం సహజం.

విధానం మాటలలోనే రూపొందుతుంది. 1992లో కుదిరిన వాతావరణ మార్పుల ఒడంబడిక అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్ భాషలలో ఉంది. ఆరు పాఠాలూ సమాన ప్రామాణ్యం గలవేనని ఆ ఒడంబడికే పేర్కొన్నది. ఒకటి మూలమనీ, తక్కినవి అనువాదాలనీ చెప్పడానికి వీలులేదు. అందువల్ల ఒక వాక్యం విషయంలో సందేహం కలిగినప్పుడు మరొక భాషలోని పాఠంతో పోల్చి చూడవలసి వస్తుంది.

ఒక్క మాట ఎంత పని చేయగలదో 2015 డిసెంబరు 12న పారిస్ నగరం సమీపంలో ప్రపంచానికి తెలిసింది. పారిస్ ఒప్పందాన్ని ఆమోదించడానికి దేశాల ప్రతినిధులందరూ సమావేశమైన రోజది. సంపన్న దేశాలు కర్బన ఉద్గారాల తగ్గింపులో ముందుండి నడవాలని చెప్పే వాక్యంలో, ఇంగ్లీషు పాఠంలో 'షల్' అనే మాట ఉంది. చట్ట పరిభాషలో అది తప్పించుకోరాని బాధ్యతను సూచిస్తుంది. దానికి అమెరికా అంగీకరించలేదు. చివరికి దానిని 'షుడ్' అని సవరించారు. 'తప్పక చేయాలి' అన్న ఆజ్ఞ 'చేయడం ఉచితం' అన్న హితవుగా మారింది. ఆ తరువాతనే ఒప్పందం ఆమోదం పొందింది. భారతదేశం దానిని 2016 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు ధ్రువీకరించింది.

ఫ్రెంచి నేర్చుకొనే విద్యార్థికి ఇటువంటి భేదాలు తొలిదశలోనే ఎదురవుతాయి. 'ఇల్ ద్వా' అంటే 'అతడు చేయాలి'. అదే క్రియను కొద్దిగా మార్చి 'ఇల్ దవ్రే' అంటే 'అతడు చేస్తే మంచిది'. పైగా ఫ్రెంచి చట్టాలలో సాధారణ వర్తమాన క్రియ కూడా ఆజ్ఞార్థాన్ని ఇస్తుంది. 'ప్రభుత్వం నదులను కాపాడుతుంది' అని చట్టం చెబితే, కాపాడి తీరాలని భావం. మాతృభాషలో అలవాటు వల్ల గమనించకుండా దాటిపోయే ఈ సూక్ష్మాలు కొత్త భాషలో కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. అలాగే, తెలుగులో 'సుస్థిర అభివృద్ధి' అని వ్యవహరించే భావాన్ని ఫ్రెంచివారు 'ద్యురాబ్ల్' అనే విశేషణంతో చెబుతారు. దానికి 'మన్నేది' అని అర్థం. తరతరాలకు మన్నే అభివృద్ధే నిజమైన అభివృద్ధి అన్న సంగతి ఆ ఒక్క మాటలో స్ఫురిస్తుంది.

మాటలతోపాటు భావాలు కూడా సరిహద్దులు దాటుతాయి. హాని జరుగుతుందని పూర్తిగా రుజువు కాకపోయినా, తీరని నష్టం కలిగే అవకాశం ఉన్నప్పుడు ముందే మేలుకోవాలన్నది 'ముందుజాగ్రత్త సూత్రం'. ఫ్రాన్సు దేశం 2005లో తన పర్యావరణ శాసనపత్రానికి రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించి, ఈ సూత్రాన్ని అందులో పొందుపరచింది. భారత సుప్రీంకోర్టు అంతకుముందే, 1996లో, దీనిని మన చట్టంలో భాగంగా గుర్తించింది. హైదరాబాదుకు తాగునీరు అందించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల సమీపంలో ఒక కర్మాగారం నెలకొల్పడంపై వివాదం తలెత్తినప్పుడు, 1999లో ఇదే సూత్రాన్ని కోర్టు విపులంగా చర్చించింది. 2000లో ఆ కర్మాగారానికి అనుమతి సరికాదని తీర్పు చెప్పింది. ప్రపంచ వేదికలపై పుట్టిన ఒక పదబంధం తెలుగు నేలపై రెండు జలాశయాలకు రక్షణ కవచమైంది.

అయితే ఒడంబడికల ఆరు భాషలలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఆ భాషలు తెలిసినవారు తమ జ్ఞానాన్ని తమలోనే దాచుకొంటే సామాన్యునికి ప్రయోజనం లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ఈ విషయంలో ఒక మార్గం చూపింది. భారీ పరిశ్రమ వంటిది స్థాపించే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలనీ, సభలో జరిగిన చర్చల సారాంశాన్ని ప్రజల భాషలో చదివి వినిపించాలనీ నిర్దేశించింది. తీరంలో వల వేసే మత్స్యకారుడు, చెరువు కింద వరి పండించే రైతు తమ మనుగడకు సంబంధించిన నిర్ణయాన్ని తెలుసుకొనేది ఆ తెలుగు పుటలలోనే. అందులో 'తప్పదు' అని ఉండవలసిన చోట 'మంచిది' అని ఉంటే నష్టపోయేది వారే.

తెలుగువారికి ఫ్రెంచి పూర్తిగా పరాయి భాష కాదు. గోదావరి తీరాన ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉంది. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో నేడు ఆ భాషను అభ్యసించవచ్చు. ద్వితీయ భాష ఏదైనా మార్కుల కోసమే చదివేవారు ఉన్నారు. మార్కులు పరీక్షతో ముగుస్తాయి. మాట విలువ తెలుసుకొన్న అలవాటు జీవితాంతం నిలుస్తుంది. పరభాషలోని చట్టాన్ని శ్రద్ధగా చదివి, దాని బలం తగ్గకుండా తెలుగులో చెప్పగల యువకులు పల్లెపల్లెకూ అవసరం. ప్రకృతిని రక్షించే పనిలో వృక్షశాస్త్రజ్ఞునికి, న్యాయవాదికి ఎంత స్థానం ఉందో, భాష తెలిసినవానికీ అంతే స్థానం ఉంది.