భూమధ్యరేఖ దాటిన రెండు మీటర్ల తరంగాలు

రేడియో తరంగాలలో 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య పౌనఃపున్యం గలవాటిని, అంటే సెకనుకు 3 కోట్ల నుంచి 30 కోట్ల సార్లు కంపించేవాటిని, వీహెచ్ఎఫ్ తరంగాలని వ్యవహరిస్తారు. ఎఫ్ఎం రేడియో ప్రసారాలు, విమాన చోదకుల సంభాషణలు, హామ్‌లుగా ప్రసిద్ధులైన అమెచ్యూర్ రేడియో అభిలాషుల 50, 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఈ శ్రేణిలోనివే. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే పనిచేస్తాయన్నది స్థూలమైన సూత్రం. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల 30 మీటర్ల ఎత్తున నిలిపిన యాంటెన్నాకు రేడియో దిగంతం సుమారు 22 కిలోమీటర్ల దూరంలోనే ముగుస్తుంది. అంతే ఎత్తు గల రెండు కేంద్రాల మధ్య 45 కిలోమీటర్ల దూరాన్ని సహజమైన పరిధిగా భావించవచ్చు. అయినా 1970వ దశకం చివరలో గ్రీసులోని హామ్‌లు 144 మెగాహెర్ట్జ్ మీద, అంటే రెండు మీటర్ల తరంగదైర్ఘ్యంతో, 7,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న దక్షిణాఫ్రికా హామ్‌లతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకున్నారు. మధ్యలో ఉపగ్రహం గానీ, సంకేతాన్ని అందుకొని తిరిగి పంపే మరో కేంద్రం గానీ లేదు. ఆ పని చేసింది భూమధ్యరేఖ మీది ఆకాశం.

ఏటవాలు లెక్క

భూమికి 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వరకు సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు వాయు కణాలను ఛేదించి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. అలా విద్యుదావేశం పొందిన ప్రాంతమే ఐనోవరణం. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటించిన సంకేతం భూమి వంపును అనుసరించి ఎలా ప్రయాణించిందో వివరించడానికి 1902లో కెన్నెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు వేర్వేరుగా ఇటువంటి పొర ఉండాలని ఊహించారు. 1924లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ ఆపిల్టన్ దాని ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించి, ఆ కృషికి 1947లో నోబెల్ బహుమతి పొందారు. ఈ ప్రాంతాన్ని కింది నుంచి పైకి డి, ఇ, ఎఫ్ పొరలుగా విభజిస్తారు.

ఏ పొర ఎంత పౌనఃపున్యం గల తరంగాన్ని వెనక్కి పంపగలదన్నది అందులోని ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా పైకి పంపిన తరంగం తిరిగి రాగల గరిష్ఠ పౌనఃపున్యాన్ని సందిగ్ధ పౌనఃపున్యం అంటారు. ఘనపు మీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటే అది 9 మెగాహెర్ట్జ్ అవుతుంది. అయితే చెరువులోకి నిలువుగా వదిలిన పెంకు మునిగిపోయినా ఏటవాలుగా విసిరినది నీటి మీద ఎగురుతూ సాగిపోయినట్టే, వాలుగా తగిలిన తరంగం సందిగ్ధ పౌనఃపున్యానికి మూడు రెట్లు దాటినా ఎఫ్ పొర నుంచి తిరిగి రాగలదు. సూర్యుని మీద మచ్చలు ముమ్మరంగా ఉన్న సంవత్సరాలలో వీహెచ్ఎఫ్‌లోని దిగువ భాగం ఈ విధంగానే ఖండాలు దాటుతుంది. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ 45 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసిన టెలివిజన్ చిత్రాలు 1938 నవంబరులో న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో కనిపించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

దీనికి భిన్నమైన మరో మార్గం వేసవి నెలలలో సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఇ పొరలో ఏర్పడే పలుచని, దట్టమైన తెరలు. ఉల్కలు కాలిపోగా మిగిలిన ఇనుము, మెగ్నీషియం వంటి లోహాల అయాన్లను ఎదురెదురు దిశలలో వీచే గాలులు ఒక సన్నని పొరగా కూర్చినప్పుడు ఈ తెరలు పుడతాయి. ఇవి ఒక్క అంగలో 2,000 కిలోమీటర్లకు పైగా సంకేతాన్ని చేరవేయగలవు, కొన్నిసార్లు 144 మెగాహెర్ట్జ్ తరంగాలను సైతం వంచగలవు. కానీ వాటి రాక ముందుగా తెలియదు, ఆయుష్షు కొన్ని నిమిషాలో గంటలో మాత్రమే.

జంట శిఖరాలు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్ హామ్‌లకు అందుబాటులోకి వచ్చింది. సూర్యుడు ఉధృత దశలో ఉన్న 1947లో మెక్సికో నగరానికీ అర్జెంటీనాకూ మధ్య ఈ బ్యాండ్ మీద సంబంధం కుదిరింది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక చివర, దక్షిణాన మరో చివర ఉన్న ఇటువంటి దారులు, అప్పటి లెక్కలు అనుమతించని వేళలలో కూడా తెరుచుకోవడం శ్రోతలను ఆశ్చర్యపరిచింది. తరువాతి సౌరచక్రాలలో జపాన్, ఆస్ట్రేలియా హామ్‌ల మధ్య ఇది పదేపదే జరిగి, యాదృచ్ఛికం కాదని తేలింది.

ఈ మార్గానికి మూలమైన ఆకాశ నిర్మాణాన్ని మెక్సికో-అర్జెంటీనా సంబంధానికి ఏడాది ముందే, 1946లో, ఆపిల్టన్ వెల్లడించారు. సూర్యుడు నడినెత్తిన ఉండే అయస్కాంత మధ్యరేఖ మీద, అంటే భూ అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే రేఖ మీద, ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉండవలసింది; వాస్తవానికి అక్కడ ఒక లోయ, దానికి ఉత్తర దక్షిణాలుగా సుమారు 15 డిగ్రీల దూరంలో రెండు శిఖరాలు కనిపించాయి. పగటివేళ అక్కడి విద్యుత్ క్షేత్రం, భూ అయస్కాంత క్షేత్రం కలిసి ప్లాస్మాను, అంటే విద్యుదావేశిత వాయువును, పైకి ఎత్తుతాయి. పైకి చేరిన ప్లాస్మా అయస్కాంత రేఖల వెంట ఇరువైపులా జారి, ఫౌంటెన్ నుంచి ఎగసిన జలం చుట్టూ పడినట్టు, దూరంగా పోగుపడుతుంది. అయస్కాంత రేఖల వెంట ఇలా వ్యాపించడాన్ని 1946లోనే సూచించినవారిలో కలకత్తా భౌతిక శాస్త్రవేత్త శిశిర్ కుమార్ మిత్ర ఒకరు.

మధ్యాహ్నం తరువాత ఈ రెండు శిఖరాలూ బాగా బలపడినప్పుడు ఉత్తరాన బయలుదేరిన తరంగం మొదటి శిఖరాన్ని ఏటవాలుగా తాకి వంగుతుంది; నేలకు దిగకుండా నేరుగా రెండవ శిఖరాన్ని చేరి, అక్కడ మరొకసారి వంగి దక్షిణ గోళంలో దిగుతుంది. నడుమ నేలను గానీ సముద్రాన్ని గానీ తాకకపోవడంతో దారిలో నష్టం స్వల్పం, సంకేతం బలంగా వినిపిస్తుంది. శిఖరాల మీద కూడా సందిగ్ధ పౌనఃపున్యం 20 మెగాహెర్ట్జ్ దాటడం అరుదు గనుక ఈ మార్గానికి 60 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో హద్దు ఏర్పడుతుంది. ఆ లెక్క ప్రకారం 144 మెగాహెర్ట్జ్ తరంగాలు శిఖరాలను చీల్చుకొని అంతరిక్షంలోకి పోవలసిందే.

చీకటి పడిన తరువాత

ఆ లెక్కను లక్ష్యపెట్టక కొందరు 144 మెగాహెర్ట్జ్ మీద కూడా ప్రయత్నించారు. 1977 అక్టోబరులో వెనెజువేలా, అర్జెంటీనాల మధ్య రెండు మీటర్ల బ్యాండ్ మీద సంబంధం ఏర్పడింది. 1978లో సైప్రస్ నుంచి నేటి జింబాబ్వేకు, ఆ తరువాత గ్రీసు, ఇటలీల నుంచి ఆఫ్రికా దక్షిణ భాగానికి ఇటువంటి దారులే తెరుచుకున్నాయి. వీటికి ఒక సమయపాలన ఉంది: స్థానిక కాలమానం ప్రకారం రాత్రి 7 నుంచి 11 గంటల మధ్య, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తులకు దగ్గరి నెలలలో, సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో ఇవి ఎక్కువ. సంకేతాలు అల్లల్లాడుతూ వచ్చేవి, మనిషి గొంతు ముద్దగా మారి మాటలు తెలిసేవి కావు. అందువల్ల చుక్కలు, గీతలతో కూడిన మోర్స్ సంకేతాలే ఎక్కువగా ఆదుకున్నాయి.

సూర్యాస్తమయ సమయంలో అయస్కాంత మధ్యరేఖ దగ్గర ఎఫ్ పొర హఠాత్తుగా మరింత పైకి లేస్తుంది, దాని అడుగుభాగం చీకటిలో త్వరగా పలుచబడుతుంది. పలుచని ప్రాంతం మీద దట్టమైన ప్లాస్మా నిలిచిన ఈ స్థితి, నూనె మీద నీళ్లు పోసినప్పటిలా, నిలకడగా ఉండలేదు. అడుగున ఉన్న పలుచని ప్లాస్మా బుడగలుగా పైకి పొంగుతుంది. ఈ ప్లాస్మా బుడగలు అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలుగా వేల కిలోమీటర్ల పొడవున సాగుతాయి. వాటి గోడల నడుమ చిక్కిన తరంగం గొట్టంలో నడిచినట్టు భూమధ్యరేఖను దాటుతుందన్నది బలమైన వివరణ. ఆ గోడలు కదులుతూనే ఉంటాయి గనుక గొంతు చెదరిపోతుంది. చివరలు రెండూ అయస్కాంత మధ్యరేఖకు ఇరువైపులా ఇంచుమించు సమాన దూరంలో ఉండాలన్న నియమం కూడా దీనితో అర్థమవుతుంది.

తెలుగు నేల మీది ఆకాశం

భారతదేశపు దక్షిణాగ్రం మీదుగా అయస్కాంత మధ్యరేఖ సాగిపోతుంది. 1963 నవంబరు 21న దేశపు తొలి రాకెట్ ప్రయోగానికి కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. ఉత్తర శిఖరం మధ్య, పశ్చిమ భారతం మీద నిలుస్తుంది. తెలుగు రాష్ట్రాలు ఆ లోయకూ ఈ శిఖరానికీ నడుమ ఉన్నాయి. తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడుపుతున్న ఎమ్ఎస్టీ రాడార్ 1,024 యాగీ యాంటెన్నాలతో ఈ ఆకాశాన్ని పరిశీలిస్తోంది. అది పనిచేసే పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్; 1947లో హామ్‌లు భూమధ్యరేఖను దాటిన బ్యాండ్‌కు అది పొరుగునే ఉంది. రాత్రివేళ పైకి లేచే ప్లాస్మా బుడగలు ఈ రాడార్ పటాలలో నిలువెత్తు ఈకల ఆకారంలో కనిపిస్తాయి.

ఈ పరిశోధన కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. ఇవే బుడగలు జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను మినుకుమినుకుమనిపించి స్థాన నిర్ణయాన్ని దెబ్బతీస్తాయి. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి విమానాల స్థాన నిర్ణయం కోసం రూపొందించిన గగన్ వ్యవస్థ ఈ దేశపు ఐనోవరణ స్వభావాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ విధానం చెవికి అందని బలహీన సంకేతాలను సైతం చదవగలుగుతోంది. దాని రూపకర్తలలో ఒకరైన జో టేలర్ 1993లో భౌతిక శాస్త్రంలో నోబెల్ పొందిన ఖగోళవేత్త, స్వయంగా హామ్ కూడా. సాధనాలు ఇంతగా మెరుగుపడినా మూలమైన పని మారలేదు: తగిన రుతువులో, తగిన వేళకు యాంటెన్నాను దక్షిణానికి తిప్పి, ఏమీ వినిపించని రాత్రులను కూడా ఓపికగా నమోదు చేయడం. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందిన తెలుగు విద్యార్థి ఎవరైనా ఈ పనిలో చేరవచ్చు. ఇతర దేశాల పరిశోధకులు దూర ప్రయాణం చేసి వచ్చి చూడవలసిన ఈ ఆకాశం ఆ విద్యార్థికి తన కళాశాల మేడ మీదనే ఉంది. మన కళాశాలలు ఒక చిన్న యాంటెన్నాకు అక్కడ చోటు ఇవ్వడం ఎంతైనా అవసరం.