సైకిలు భాగములు : పాతవి మేలా? కొత్తవి మేలా?

యంత్రములలో సైకిలువంటి నిరాడంబరమైనది మరొకటి లేదు. అది ఇంధనము కోరదు, పొగ విడువదు. తొక్కువాని కాలి బలమునే చలనముగా మార్చును. అట్టి యంత్రమును గూర్చి రెండు వాదములు వినవచ్చుచుండును. “ఆ కాలపు సరకే సరకు, నేటివన్నియు రేకు డబ్బాలు” అని పెద్దలందురు. “పాతది ఇనుప మోత, కొత్తదే సుఖము” అని యువకులందురు. సైకిలును మొత్తముగా గాక భాగము భాగముగా విడదీసి చూచిన గాని ఈ తగవు తీరదు.

మనమెరిగిన నల్లని పెద్ద సైకిలు ఇంగ్లండు దేశపు నమూనా. నాటింగ్‌హామ్ నగరమందలి రాలీ వంటి సంస్థలు దానిని లోకమంతట వ్యాపింపజేసినవి. మన దేశమున 1949లో మద్రాసునందు టి. ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌నందు అట్లాస్, 1956లో లూధియానాయందు హీరో సంస్థలు వెలసి, ఆ నమూనానే ఇంటింటికి చేర్చినవి. 28 అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు, కాటరు పిన్నుల క్రాంకు, స్ప్రింగుల సీటు దాని లక్షణములు. బరువు ఇంచుమించు 20 కిలోలు. పాలక్యానులు, బియ్యపు మూటలు, ముందు కడ్డీపై బిడ్డ, వెనుక క్యారియరుపై ఇల్లాలు – ఇన్నిటిని మోయుటకే అది పుట్టినది.

బేరింగులు : పాత హబ్బులో విడి ఉక్కు గుండ్లు ఒక గిన్నెకును కోనుకును నడుమ దొర్లును. వెనుక హబ్బున పక్కకు 9, పెడళ్లను కలుపు బి. బి. యాక్సిల్‌కు పక్కకు 11 చొప్పున పావు అంగుళపు గుండ్లు అమర్చుట వాడుక. గ్రీజు నల్లబడినప్పుడు విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కోనును సరిచూచి బిగించినచో హబ్బు మరల హాయిగా తిరుగును. గుండ్లు అరిగినచో గుండ్లను, కోను అరిగినచో కోనును మాత్రమే మార్చవచ్చును. ఈ సేవ తప్పినచో నీరు, దుమ్ము చొచ్చి గిన్నెలో గుంటలు పడును. నేటి మూతగల బేరింగులో గ్రీజు లోపలనే భద్రముగా నుండును, సర్దుబాటుతో పనిలేదు, కాని అరిగినప్పుడు మొత్తముగా మార్చవలెను. వానలో నిత్యము తడియు సైకిలునకు కొత్తదే మేలు. ఇచట చిక్కు బేరింగుది కాదు, కొలతలది. పాత ఆంగ్లేయ పద్ధతిలో బి. బి. గిన్నెల మరకు సామాన్యముగా అంగుళమునకు 24 చుట్లు. ఆ కొలత దశాబ్దముల తరబడి నిలిచినందున పాత ఫ్రేమునకు కొత్త భాగము దొరకుచున్నది. నేడు అదే చోటికి ఒకదానికొకటి పొసగని కొలతలు పెక్కు పుట్టినవి.

క్రాంకు : కాటరు పిన్ను సుత్తితో బిగించు మేకువంటి సాధనము. అది కొంచెము అరిగినను పెడలు తొక్కినప్పుడెల్ల టక్కుమనును. ఫ్రాన్సు దేశపు స్ట్రాంగ్‌లైట్ సంస్థ 1933లోనే పిన్ను అక్కరలేని అల్యూమినియపు క్రాంకును తెచ్చినది. ఇచట కొత్తదే నిస్సంశయముగ గెలిచినది.

బ్రేకులు : ఇది ప్రాణమునకు సంబంధించిన విషయము. కడ్డీ బ్రేకునకు తెగిపోవు తీగ లేదు. రబ్బరు కట్టలు రిమ్ము లోపలి అంచునకు తగులును గనుక చక్రము కొద్దిగా బెండు పోయినను పక్కలకు రాసుకొనదు. ఇవి దాని సుగుణములు. కాని నికెలు, క్రోము పూతగల ఉక్కు రిమ్ము తడిసినప్పుడు రబ్బరునకు పట్టు చాలవరకు పోవును. వానలో వాలు రోడ్డున దిగువాడు పిడిని ఎంత నొక్కినను సైకిలు వెంటనే నిలువదు. అల్యూమినియపు రిమ్ము తడిలోను పట్టును చాలవరకు నిలుపుకొనును. డిస్కు బ్రేకు నేలకు ఎత్తున హబ్బువద్ద నుండును గనుక బురద, నీరు దానిని అంతగా బాధింపవు. ఈ విషయమున పాతదానిని పొగడుట మమకారమే గాని వివేకము కాదు.

గేర్లు : ఇచట తీర్పు అంత సులభము కాదు. స్టర్మీ–ఆర్చర్ వారు 1936లో వెలువరించిన ఏ. డబ్ల్యు. అను మూడు వేగముల హబ్బును చూడుడు. నడుమ 20 పండ్ల స్థిర చక్రము, దాని చుట్టు తిరుగు 20 పండ్ల చిన్న చక్రములు, వాని నావరించి 60 పండ్ల వలయము – సూర్యుని చుట్టు గ్రహములవలె. రెండవ గేరున బలము నేరుగా ప్రసరించును. మూడవ గేరున హబ్బు మూడింట నాలుగు వంతుల వేగముతో, మొదటి గేరున నాలుగింట మూడు వంతుల వేగముతో తిరుగును. అంతయు మూతలో నుండుటచే దుమ్ము చేరదు. అప్పుడప్పుడు నాలుగు చుక్కల నూనె పోసిన చాలును. దశాబ్దముల క్రిందటి హబ్బులు నేటికిని నడచుచున్నవి.

వెలుపలి గేర్ల చరిత్ర వేరు. 1964లో జపానుకు చెందిన సన్‌టూర్ ఏటవాలు చట్రముగల మీటను, 1984లో షిమానో టక్కున ఒక్కొక్క మెట్టుకు మారు పద్ధతిని తెచ్చినవి. అంతకు పూర్వము గేరును చెవితో విని, వ్రేలితో సవరించుకొనవలసి వచ్చెడిది. కొత్త పద్ధతి కొండదారులను సుగమము చేసినది. కాని పళ్ల చక్రములు పెరిగినకొలది చైను సన్నబడినది, కొలతలు సూక్ష్మమైనవి. చైను అరుగుదలను ఎవరైనను పరీక్షింపవచ్చును. 24 అర లింకులు సరిగా 12 అంగుళములుండవలెను. అంగుళమున పదునారవ వంతు సాగినచో చైను మార్చవలెను. ఎనిమిదవ వంతు సాగువరకు ఊరకున్నచో పళ్ల చక్రములును మార్చవలసి వచ్చును.

ఫ్రేము : ఉక్కు ఫ్రేము బరువైనది, ఐనను వంగినచో సరిచేయవచ్చును, విరిగినచో అతుకవచ్చును. కార్బను ఫ్రేము మిక్కిలి తేలిక. అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000 సంవత్సరమున పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమము పెట్టవలసి వచ్చినదన్న, ఎంత తేలికగా చేయవచ్చునో ఊహింపుడు. ఐతే దెబ్బ తగిలినప్పుడు పైకి కనబడని బీట లోపల నుండవచ్చును. పందెమునకు అది తగును. బస్తా మోయుటకు ఉక్కే తగును.

పై విచారణవలన తేలినది ఇది. బ్రేకు, రిమ్ము, క్రాంకు, దీపము – వీనిలో కొత్తవే శ్రేష్ఠములు. తొక్కినప్పుడు మాత్రమే వెలుగుచు కాలికి బరువైన సీసా డైనమోకంటె నేటి ఎల్. ఇ. డి. దీపము ఎంతో మేలు. ఫ్రేము దృఢత్వమునందు, మూసిన గేరునందు, విప్పి బిగించు సౌలభ్యమునందు పాతవానికి సాటి లేదు. కావున పాత ఉక్కు ఫ్రేముకు కొలత, బ్రేకు అమరిక చూచుకొని అల్యూమినియపు రిమ్ములు, మంచి బ్రేకులు వేయించుట మధ్యే మార్గము.

ఇందు మరొక అంశమున్నది. పాత సైకిలు నాలుగు పానాలు, ఒక సుత్తి, ఒక పంపుతో బాగగును. అందుచేతనే చెట్టు నీడన పెట్టె పెట్టుకొన్న ఉస్తాదు దానిపై కుటుంబమును పోషించుకొనగలిగెను. కాలినడకన రావలసిన విద్యార్థి స్వల్ప వ్యయముతో కళాశాలకు చేరగలిగెను. ప్రత్యేక పరికరము లేనిదే విప్పుటకు వీలులేని భాగము ఎంత చక్కనిదైనను, ఆ ఉస్తాదు చేతినుండి పనిని, ఈ విద్యార్థి జేబునుండి పైకమును తీసికొనును. కనుక విద్యార్థి మిత్రులారా! సైకిలు కొనునపుడు మెరుపును, బరువును మాత్రమే చూడక, “ఇది చెడినచో మన వీధిలో బాగుచేయగలవారున్నారా?” అని కూడ అడుగుడు. ఆ ప్రశ్నకు నిలిచినదే, పాతదైనను కొత్తదైనను, మంచి సైకిలు.