అబ్బా ఒడి కూడా ఉయ్యాలే

బిడ్డ భూమ్మీద పడగానే శుభ్రంగా తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి తెచ్చి తండ్రి చేతుల్లో పెడతారు. చెవిలో అజాన్ చెప్పే భాగ్యం చాలా ఇళ్లలో ఆ తండ్రిదే. ఏడో రోజున అఖీఖా, తల వెంట్రుకలు తీయడం, పేరు పెట్టడం. పొట్టేలు బేరం చేసేది, బంధువులను దావత్‌కు పిలిచేది, ఖర్చు లెక్క చూసుకునేది కూడా ఆయనే. ఈ సందడంతా ముగిసిన మరునాటి నుంచి మాత్రం ఆయన చేతులకు పని ఉండదు. బిడ్డ ఆడవాళ్లది, సంపాదన మగవాడిది అనే పాత పంపకం అమలులోకి వస్తుంది. ఈ పంపకంలో ఎవరికి ఏమి నష్టమో సాధారణంగా ఎవరూ లెక్క వేయరు. ఈ వారం ఆ లెక్క వేసి చూద్దాం.

రోడ్డు మీద గడిచే బతుకులు

కడప జిల్లాలో ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు వెళ్లే దారిలో ఉంది చాపాడు. కుందూ నది, కె.సి. కాలువ నీళ్లతో వరి పండే మండలం. అయినా సేద్యం అన్ని ఇళ్లకూ అన్నం పెట్టదు. పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో, బట్టల కొట్లలో పనికి పోయేవారున్నారు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయేవారున్నారు. లారీ ఎక్కితే వారం పది రోజులు ఇంటి మొహం చూడనివారున్నారు. ఇక కువైట్‌లో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, కూలీలుగా ఏళ్లకేళ్లు గడిపేవారు కడప జిల్లాలో ఎందరో లెక్కలేదు.

దీనికి తోడు మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. నలభై రోజుల చిల్లా గడిచి, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి వచ్చేదాకా తల్లీబిడ్డలు అక్కడే ఉంటారు. సెలవు దొరికిన రోజున తండ్రి అక్కడికి వెళ్తాడు. అల్లుడు గారికి కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు, మంచి భోజనం పెడతారు. బిడ్డను తెచ్చి ఒళ్లో పెడతారు. బిడ్డ ఏడుపు అందుకోగానే "నీకు చేతకాదులే నాయనా, ఇట్లా ఇయ్యి" అంటూ నానీమా లోపలికి తీసుకుపోతుంది. ఆ మాటలో ఉన్నది ప్రేమే. కానీ ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడం నేర్చుకోవలసిన సమయం సరిగ్గా అదే. ఆ అవకాశం ప్రతిసారీ చేజారిపోతే, ఆ తండ్రి తన బిడ్డకు చుట్టపు చూపుగా వచ్చే మనిషిగానే మిగిలిపోతాడు.

పొగ నిండిన ఇంట్లో ఒక తండ్రి

బిడ్డను ఎత్తుకోవడం మగతనానికి తక్కువ అనుకునేవారు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి ఇబ్రాహీం అనే కుమారుడు కలిగాడు. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గర పడింది. మక్కా విజయం ముగిసింది. నలుమూలల నుంచి తెగల ప్రతినిధులు మదీనాకు వస్తున్నారు. తీర్పులు, ఒప్పందాలు, దూతలతో సంప్రదింపులు ఊపిరి సలపనివ్వని కాలమది. బిడ్డకు ఏడాది నిండకముందే తబూక్ ప్రయాణం వచ్చిపడింది. ఎండలో వందల కిలోమీటర్ల దారి అది.

ఆ బిడ్డకు పాలిచ్చే దాది ఇల్లు మదీనా పొలిమేరల్లో ఉండేది. ఆమె భర్త కమ్మరి. ఇల్లంతా కొలిమి పొగతో నిండి ఉండేది. దైవప్రవక్త (స) అంత దూరం వెళ్లి, ఆ పొగలోకి ప్రవేశించి, బిడ్డను ఎత్తుకుని ముద్దాడి తిరిగి వచ్చేవారని, కుటుంబం పట్ల ఆయన కంటే ఎక్కువ దయ చూపేవారిని తాను చూడలేదని హజ్రత్ అనస్ (ర) తెలియజేశారు. ఆయన వెంట సహచరులు కూడా వెళ్లేవారు. నాయకుడు పసిబిడ్డ కోసం పోతుంటే అది ఆయన హోదాకు తగదని వారెవరూ అనుకోలేదు.

పని ఎక్కువగా ఉన్న తండ్రికి ఇందులో గొప్ప ఆధారం ఉంది. ఆయన అక్కడ గడిపింది రోజంతా కాదు, కొద్దిసేపే. కానీ మళ్లీ మళ్లీ వెళ్లారు. దూరాన్ని గానీ పొగను గానీ సాకుగా చూపలేదు. ఆ బిడ్డ రెండేళ్లయినా నిండకుండానే కన్నుమూసినప్పుడు ఆయన కంట నీరు పెట్టుకున్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆశ్చర్యపడితే, ఇది కారుణ్యం అని బదులిచ్చారు. మరోసారి మనవడు హసన్ (ర)ను ముద్దాడుతుంటే చూసి, తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ అనే తెగ పెద్ద అన్నాడు. కనికరించనివాడు కనికరానికి నోచుకోడని ఆయన హెచ్చరించారు. మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకునే నమాజు చేయించిన సందర్భం కూడా హదీసుల్లో ఉంది.

బిడ్డ దేనితో గుర్తుపడుతుంది?

పసిబిడ్డకు తండ్రి జీతం ఎంతో తెలియదు. కువైట్ నుంచి వచ్చిన డబ్బు తెలియదు. గొంతు, స్పర్శ, వాసన, ఎత్తుకునే తీరు, ఇవే తెలుసు. కడుపులో ఆరు నెలలు దాటేసరికే శబ్దాలు వినగలుగుతుంది. పుట్టిన నెలన్నర, రెండు నెలల నడుమ మొహం చూసి నవ్వడం మొదలుపెడుతుంది. ఏడెనిమిది నెలలకు తెలిసినవారెవరో కొత్తవారెవరో వేరు చేసుకుంటుంది. కొత్త మొహం కనబడితే తల్లి కొంగులో దూరుతుంది.

ప్రయాణం నుంచి వచ్చిన తండ్రికి గుండె కోత పెట్టే ఘడియ ఇదే. బొమ్మలు తెచ్చి చేతులు చాస్తే బిడ్డ కెవ్వుమంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. కొందరు తండ్రులు చిన్నబోయి పక్కకు తప్పుకుంటారు, కొందరు బలవంతంగా లాక్కుంటారు. రెండూ పొరపాటే. ఆ ఏడుపు బిడ్డ బుద్ధి సక్రమంగా ఎదుగుతోందనడానికి గుర్తు. బిడ్డ తల్లి ఒళ్లో ఉండగానే దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడాలి. బిడ్డ తానే చేయి చాచేదాకా ఓపిక పట్టాలి. ఒక పూటలోనో ఒక రోజులోనో దారి దొరుకుతుంది.

బిడ్డ పని చేస్తే తండ్రి దేహం కూడా మారుతుందని పరిశోధకులు కనుగొన్నారు. ఫిలిప్పీన్స్ దేశంలోని సెబూలో 624 మంది పురుషులను కొన్నేళ్లు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైన తరువాత వారిలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకు మించి బిడ్డ పనిలో గడిపేవారిలో అది ఇంకా తక్కువగా ఉంది. బిడ్డను సాకడానికి తగిన ఏర్పాటు సృష్టికర్త మగవాడి దేహంలోనూ పెట్టాడన్నమాట.

చేతికి అందే పనులు

పాలివ్వడం తప్ప మిగిలిన పనులన్నీ తండ్రి చేయగలవే. పాలు తాగాక భుజం మీద వేసుకుని వీపు నిమిరి తేన్పు రప్పించడం, తడిగుడ్డలు మార్చడం, లాల పోసేటప్పుడు నీళ్ల వేడి చూడడం, ఉయ్యాల ఊపడం. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలి. బయటి నుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బీడీ, సిగరెట్ పొగ ఇంట్లోకి రానివ్వరాదు. ఏడాది నిండేదాకా తేనె నాకించరాదు. బిడ్డ ఎంత ఏడ్చినా పట్టి ఊపరాదు, దానివల్ల మెదడుకు ప్రమాదం. మరీ విసుగొస్తే మరొకరికి అందించి కాసేపు వాకిట్లోకి పోవడం మేలు.

టీకాల కార్డు బాధ్యత తండ్రి తీసుకుంటే మంచిది. పుట్టినప్పుడు వేసేవి కాక ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తరువాత తొమ్మిదో నెలలో వేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే వేస్తారు. ఆ తేదీలు చూసుకుని ప్రయాణాలు పెట్టుకోవచ్చు.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదని వైద్యులు చెబుతారు. రెండేళ్లు పాలివ్వడం గురించి చెప్పే దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని 233వ ఆయత్, ఆ తల్లి తిండి, బట్ట బాధ్యతను తండ్రి మీద పెట్టింది. పాలు మాన్పించే విషయాన్ని ఇద్దరూ సంప్రదించుకుని నిర్ణయించుకోవాలని కూడా సూచించింది. సంప్రదించాలంటే తండ్రికి బిడ్డ సంగతులు తెలిసి ఉండాలి కదా!

తల్లి మనసు కూడా గమనించాలి. కాన్పు తరువాత కొద్ది రోజులు ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, తిండి, బిడ్డ మీద ధ్యాస తప్పుతుంటే, దిష్టి అని, గాలి అని కాలం వెళ్లబుచ్చక డాక్టరుకు చూపించాలి. తండ్రులకూ ఈ దిగులు తప్పదు. అనేక అధ్యయనాలను కలిపి 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం పదిమందిలో ఒకరు దీనికి లోనవుతున్నారు.

ప్రయాణం తప్పనప్పుడు

ప్రయాణం శిక్షలో ఒక భాగమని, అది తిండీ నిద్రా దూరం చేస్తుందని, పని పూర్తికాగానే ఇంటివారి దగ్గరకు త్వరపడి రావాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన ప్రయాణం నుంచి తిరిగి వస్తుంటే పిల్లలు ఊరి బయటికి ఎదురువచ్చేవారు. వారిని తన వాహనం మీద ముందూ వెనుకా ఎక్కించుకుని ఆయన మదీనాలో ప్రవేశించేవారు. లారీ దిగి నేరుగా సెంటర్‌లో చాయ్ అంగడికి పోయే తండ్రులు ఈ దృశ్యాన్ని ఒకసారి ఊహించుకోవాలి.

గల్ఫ్ తండ్రుల కష్టం వేరు. ఒకప్పుడు ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లే దిక్కు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడ చిక్కుకున్న దాదాపు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. ఉన్నపళంగా కట్టుబట్టలతో ఇల్లు చేరిన ఆ తండ్రుల్లో, పుట్టినప్పటి నుంచి తాము చూడని బిడ్డల ముందు నిలబడినవారు ఎందరో!

నేడు చేతిలో ఫోన్ ఉంది. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర చూపవద్దని 2016లో చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా, ఇంటివారితో చూస్తూ మాట్లాడే కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదికి బిడ్డ నిద్రకు సిద్ధమైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. రోజూ ఒకే వేళకు, ఒకే మాటతో పిలిస్తే ఆ గొంతు బిడ్డకు అలవాటవుతుంది. ఆ పది నిమిషాల్లో డబ్బు గొడవలు, అత్తాకోడళ్ల తగవులు తేవద్దు. అవి తరువాత మాట్లాడుకోవచ్చు.

స్నేహితులు ఏం చేయాలి?

"బిడ్డ పుట్టినప్పటి నుంచి మాకు కనపడకుండా పోయినావే! పెళ్లాం కొంగు వదలవా భాయ్?" ఈ ఎగతాళి వినని కొత్త తండ్రి ఉండడు. దానికి జంకి, ఇంట్లో తల్లి ఒంటరిగా బిడ్డతో జాగారం చేస్తుంటే, రాత్రి పదకొండు దాకా అంగడి దగ్గర కూర్చునేవారు ఉన్నారు.

నిజమైన స్నేహం ఎలా ఉంటుందో హజ్రత్ సల్మాన్ (ర) చూపించారు. ఆయన తన సోదరతుల్యుడైన హజ్రత్ అబూ దర్దా (ర) ఇంటికి వెళ్లారు. ఆ ఇల్లాలు మాసిన బట్టల్లో ఉండడం చూసి కారణం అడిగారు. తన భర్తకు ఇహలోక విషయాల మీద ధ్యాస లేదని ఆమె చెప్పింది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు ఆయన పద్ధతి. సల్మాన్ (ర) ఆయన చేత భోజనం చేయించారు, రాత్రి నిద్రపుచ్చారు. ప్రభువుకు, నీ దేహానికి, నీ ఇంటివారికి కూడా నీ మీద హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి ఇవ్వమని బోధించారు. సల్మాన్ చెప్పింది నిజమని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. ఆరాధన కోసమైనా ఇంటివారి హక్కును కాదనరాదన్నప్పుడు, అంగడి దగ్గర కబుర్ల మాట చెప్పాలా?

స్నేహితుడికి బిడ్డ పుడితే మిత్రులు చేయగల సాయం చాలా ఉంది. ఆసుపత్రికి బండి తీసుకురావచ్చు. అతని డ్యూటీ ఒకటి రెండు రోజులు తాము చూడవచ్చు. ఊళ్లో లేనప్పుడు మందులు, సామాన్లు ఇంటికి చేర్చవచ్చు. కలవాలంటే ఇంటికే పోయి, కాసేపు కూర్చుని, త్వరగా లేచి రావచ్చు.

సెలవు సంగతి

కేంద్ర ప్రభుత్వం 1997 నుంచి, మన రాష్ట్ర ప్రభుత్వం 2005 నుంచి తమ పురుష ఉద్యోగులకు భార్య కాన్పు సందర్భంగా 15 రోజుల సెలవు ఇస్తున్నాయి. ఇద్దరు బిడ్డల వరకే ఈ సౌకర్యం. ఉద్యోగం చేసే తల్లుల సెలవును 2017లో 26 వారాలకు పెంచిన చట్టం తండ్రుల ఊసెత్తలేదు. అంగళ్లలో, లారీల మీద, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద పనిచేసే తండ్రికి యజమాని దయే సెలవు. అఖీఖా దావత్‌కు వచ్చి కవరు చేతిలో పెట్టే యజమానులు, దాని బదులు జీతంతో నాలుగు రోజుల సెలవు ఇస్తే ఆ కుటుంబానికి అంతకు మించిన కానుక ఉండదు.

ప్రయాణాలు ఆగవు, బతుకుతెరువు ఆగదు. ఇంట్లో ఉన్న గంటలు మాత్రం తండ్రి చేతిలోనే ఉన్నాయి. ఈ రోజు జుమా నమాజు అయ్యాక అత్తగారింటికి వెళ్లే అల్లుడు, బిడ్డ ఏడ్చినప్పుడు "అమ్మీ, కాసేపు నా దగ్గరే ఉండనివ్వండి, ఎట్లా ఎత్తుకోవాలో చూపించండి" అని ఒక్కసారి అడిగి చూడాలి. నానీమా తప్పకుండా నేర్పిస్తుంది.